గీసిన చేతికి దక్కినదెంత?

మా రోజుల్లో బడిపిల్లవాడి సంచిలో పాఠ్యపుస్తకాల నడుమ బొమ్మల కథల పుస్తకం కనబడితే అది మహాపరాధం. ముప్పైరెండేళ్ల ఉద్యోగంలో నేనూ అటువంటివి ఎన్నో లాక్కున్నాను. లాక్కుని బల్ల సొరుగులో పడవేసేవాణ్ణి. సంవత్సరాంతాన తిరిగి ఇచ్చినవి కొన్ని, ఇవ్వడం మరచినవి కొన్ని. ఆ పాపం ఊరకే పోలేదు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు పద్నాలుగేళ్ల మనుమడు నన్ను చేయి పట్టుకుని ఒక కామిక్ కన్వెన్షన్‌కు తీసుకొనిపోయాడు.

తిరునాళ్ల వంటి సందడి. వింతవేషాల వారిని దాటుకుని లోపలికి పోగా అక్కడొక చిత్రకారుల వీధి ఉన్నది. వరుసగా బల్లలు, ప్రతి బల్ల వెనుక ఒక చిత్రకారుడు, ముందు ధరల పట్టిక. తల మాత్రం గీస్తే ఇంత, నడుము వరకు ఇంత, నిలువెత్తు బొమ్మకు ఇంత, వెనుక దృశ్యం కావాలంటే మరికొంత. ఇలా అడిగి గీయించుకోవడాన్ని వారు కమిషన్ అంటారు. మన వాడుకలో కమిషన్ అంటే దళారి పుచ్చుకునేది కనుక నాకు మొదట బోధపడలేదు. ఇక్కడ దళారి లేడు. అడిగినవాడు, గీసేవాడు, నడుమ ఒక అట్టముక్క. అంతే.

మనుమడు తాను కూడబెట్టుకున్న డాలర్లు ఇచ్చి ఒక వృద్ధ చిత్రకారుని చేత హల్క్ బొమ్మ గీయించుకున్నాడు. ముప్పావుగంట పట్టింది. ఆ సమయమంతా నేను ఆయన చేతినే చూస్తూ నిలబడ్డాను. తుదకు ఉండబట్టలేక, "అయ్యా, మీరు జీవితమంతా అచ్చు కోసం గీసిన పుటలన్నీ మీ ఇంట్లో ఉన్నాయా?" అని అడిగాను. ఆయన తలెత్తకుండానే నవ్వి, "కొన్ని ఉన్నాయి. తక్కినవి ఎవరి గోడల మీద ఉన్నాయో ఆ గోడలవారికే తెలియాలి" అన్నాడు.

ఆ మాట నన్ను వెన్నాడింది. తరువాత కొన్ని నెలలపాటు ఈ విషయమై దొరికినదల్లా చదివాను. అచ్చయిన బొమ్మ పాఠకునిది, హక్కు ప్రచురణకర్తది. మరి చేత్తో గీసిన ఆ కాగితం ఎవరిది? చిన్న ప్రశ్నలాగే కనబడుతుంది. దీని వెనుక అర్ధశతాబ్దపు చరిత్ర ఉన్నది.

ముందుగా మూలచిత్రం అంటే ఏమిటో చెప్పుకోవాలి. అమెరికా కామిక్కులలో పుటను అచ్చయ్యే పరిమాణంలో గీయరు, అంతకంటె పెద్దదిగా గీస్తారు. సుమారు 1967 వరకు అచ్చుపుటకు దాదాపు రెట్టింపు కొలతలో గీసేవారు. ఆ తరువాత 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు గల దళసరి బ్రిస్టల్ అట్ట వాడుకలోకి వచ్చింది. ఒకరు పెన్సిలుతో గీస్తారు. మరొకరు దాని మీదనే మాటల బుడగలలో అక్షరాలు రాసేవారు. మూడవవాడు కుంచెతో, పాళీతో సిరా వేస్తాడు. తప్పు పడినచోట తెల్లరంగు పూస్తారు; అంచులలో సంపాదకుడు సూచనలు గిలుకుతాడు. దాన్ని ఫోటో తీసి అచ్చుపలక చేసేవారు. రంగులు వేరే ప్రతి మీద నిర్ణయించేవారు కనుక మూలపుట నలుపు తెలుపులలోనే మిగిలిపోయేది.

తాళపత్ర ప్రతులు చూచినవారికి ఇందులోని ఆకర్షణ వేరుగా చెప్పనక్కరలేదు. లేఖకుడు కొట్టివేసిన అక్షరం, పంక్తి నడుమ ఇరికించిన పదం, చివర తన పేరు, ఇవేవీ ముద్రిత గ్రంథంలో ఉండవు. కామిక్ మూలపుటలోనూ అంతే. అచ్చులో మాయమైన తడబాటు అక్కడ సజీవంగా ఉంటుంది.

కాని చాలాకాలం ఆ పుటకు విలువ లేదు. 1930ల నుండి 1960ల దాకా ప్రచురణకర్తల దృష్టిలో అది అచ్చుపని ముగిసిన తరువాత మిగిలిన తుక్కు. గోదాములో చోటు చాలకపోతే కత్తిరించి పారవేసేవారు, తగులబెట్టేవారు, లేదా కార్యాలయం చూడవచ్చిన పిల్లలకు పంచిపెట్టేవారు. సూపర్‌మాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు 1938లో ఆ పాత్ర మీది సర్వహక్కులనూ 130 డాలర్లకు ఇచ్చివేశారు. ఆ మొదటి కథ వెలువడిన సంచిక తాలూకు మూలపుటలు నేడు ఎక్కడా ఉన్నట్లు తెలియదు. హక్కే 130 డాలర్లయినప్పుడు కాగితాన్ని ఎవరు దాస్తారు? ఇ.సి. కామిక్స్ అధిపతి విలియం గేన్స్ వంటి ఒకరిద్దరు మాత్రం తమ సంస్థ పుటలన్నింటినీ బీరువాలో భద్రపరచారు. అవి 1970ల చివరి నుండి వేలంలో అభిమానులకు చేరాయి.

చిత్రకారులు కూడా వాటిని అడగలేదు. పుటకు ఇంత అని కూలి ముట్టింది, మరుసటి పుట మొదలుపెట్టాలి, ఇంట్లో పిల్లలున్నారు. అడిగితే పని పోతుందన్న భయం ఒకటి. తమ పని కళ అని తమకే నమ్మకం లేకపోవడం మరొకటి. ఈ రెండవదే ఎక్కువ బాధాకరం.

ఒకరు తుక్కు అనుకున్నదాన్ని మరొకరు ప్రేమతో ఏరుకున్నప్పుడే సేకరణ మొదలవుతుంది. మన వేమన పద్యాల విషయంలో సి.పి. బ్రౌను చేసినది ఇదే కదా! అక్కడ ఆ పని చేసినవారు పదిహేను, ఇరవయ్యేళ్ల కుర్రవాళ్లు. 1964 జూలైలో న్యూయార్కులో కొద్దిమంది అభిమానులు ఒక్కరోజు సమావేశం జరుపుకున్నారు. 1970 ఆగస్టు 1 నుండి 3 వరకు షెల్ డార్ఫ్, ఆయన యువమిత్రులు శాన్ డియేగోలోని యు.ఎస్. గ్రాంట్ హోటలులో సభ పెట్టారు. సుమారు మూడువందల మంది వచ్చారు. ఇప్పుడు లక్షా ముప్పైవేలకు మించి జనం కూడే శాన్ డియేగో కామిక్ కాన్‌కు బీజం అదే. ఆనాటి సభలలో మూలపుటలు కొద్దిపాటి డాలర్లకే చేతులు మారేవి. చిత్రకారుణ్ణి అడిగితే చాలు, ఊరకే బొమ్మ గీసి ఇచ్చేవాడు. తన పేరు తెలిసినవాడు ఒకడు ఎదురుగా నిలబడటమే ఆయనకు పారితోషికం.

1970 నాటి ఆ సభకు వచ్చిన అతిథులలో జాక్ కర్బీ ఒకరు. ఆయన కథ చెప్పక ఈ చరిత్ర సాగదు.

కర్బీ 1917లో న్యూయార్కులోని పేదవాడలో పుట్టాడు. 1960లలో స్టాన్ లీతో కలిసి మార్వెల్ సంస్థకు ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థోర్, ఎక్స్-మెన్ మొదలైన పాత్రలను రూపొందించాడు. రాత్రింబవళ్లు కుర్చీ వదలకుండా ఆయన గీసిన పుటలు పదివేలకు పైబడినవని లెక్క. 1970ల నడుమకు కాలం మారింది. నీల్ ఆడమ్స్ వంటి చిత్రకారులు మూలపుటలు తమకు తిరిగి ఇవ్వవలసినదేనని గట్టిగా నిలబడ్డారు. ఆ ఆడమ్స్ తదితరుల పోరాటం వల్లనే 1975లో సీగెల్, షుస్టర్‌లకు ఏటా 20,000 డాలర్ల భృతి, సూపర్‌మాన్ కథల మీద వారి పేర్లు దక్కాయి. పెద్ద సంస్థలు కొత్త పుటలను చిత్రకారులకు తిరిగి పంపడం మొదలుపెట్టాయి. అయితే పాతవి? అవి గోదాములలోనే ఉన్నాయి. కొన్ని అక్కడినుండి దొంగతనంగా జారి, కన్వెన్షన్లలో బహిరంగంగా అమ్ముడుపోయేవి. తాను గీసిన పుట ఒక అంగడిబల్ల మీద ధరచీటీతో ఉండగా గీసినవాడే దాన్ని చూస్తూ దాటిపోవలసిన స్థితి!

1984లో మార్వెల్ పాత పుటలు తిరిగి ఇస్తామన్నది. తక్కినవారికి ఒక పుట ఒప్పందపత్రం పంపి సంతకం చేయమన్నది. కర్బీకి మాత్రం నాలుగు పుటల ప్రత్యేక పత్రం వచ్చింది. పాత్రల మీద ఎన్నడూ ఏ హక్కూ అడగరాదు, పుటలు చేతికి వచ్చినా ఆయన వాటికి కాపలాదారు వంటివాడే అన్న ధోరణిలో షరతులున్నాయి. అంతా ఒప్పుకుంటే ఇస్తామన్నది 88 పుటలు! పదివేలలో ఎనభైయెనిమిది. ఆయన సంతకం చేయలేదు. తోటి చిత్రకారులు, రచయితలు విజ్ఞాపనపత్రం మీద సంతకాలు చేశారు, పత్రికలు రాశాయి, కన్వెన్షన్ వేదికలే న్యాయస్థానాలయ్యాయి. తుదకు 1987లో సవరించిన ఒప్పందం మీద సుమారు రెండువేల పుటలు ఇంటికి చేరాయి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై. 1994లో కన్నుమూశాడు. హక్కుల విషయమై ఆయన వారసులకు, మార్వెల్‌కు రాజీ కుదిరినది 2014లో.

కర్బీ డబ్బు కోసం పోరాడాడా, గౌరవం కోసమా అని కొందరు అడుగుతారు. కూలివాని విషయంలో ఈ రెండింటినీ విడదీయడం కడుపునిండినవారి తర్కం.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచినవాడు స్పైడర్‌మాన్ మొదటి చిత్రకారుడు స్టీవ్ డిట్కో. ఆయన తనకు తిరిగివచ్చిన పుటలను అమ్ముకోవడానికి నిరాకరించాడు. ఆయన పనిగదికి వెళ్లినవారు ఒక మూలపుటను కాగితాలు కోసుకునే అట్టగా వాడటం చూచి నివ్వెరపోయారని చెబుతారు. స్పైడర్‌మాన్ తొలి కథ ఉన్న 1962 నాటి సంచికలో ఆయన గీసిన 24 మూలపుటలను 2008లో పేరు చెప్పుకోని దాత ఒకరు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయానికి సమర్పించారు. కోట్లు పలికే కాగితాలను ఉచితంగా ఇచ్చివేసిన ఆ అజ్ఞాతునికి చేయెత్తి నమస్కరించాలి.

ఇక నా మనస్సును బాగా తాకిన కథ హెర్బ్ ట్రింపిది. కారణం ఉన్నది, ఆయన కూడా మాస్టారే.

ట్రింపి 1960ల చివరినుండి ఏళ్ల తరబడి హల్క్ కథలకు బొమ్మలు గీశాడు. 1974లో వెలువడిన 180వ సంచిక చివరి పుటలో వుల్వరిన్ అనే కొత్త పాత్ర మొదటిసారి కనబడింది. పాత్ర రూపకల్పన జాన్ రొమీటాది, రచన లెన్ వీన్‌ది, పెన్సిలు ట్రింపిది, సిరా జాక్ ఏబెల్‌ది. 1983లో ఒక కుర్రవాడు కలిస్తే ట్రింపి ఆ పుటను అతనికి కానుకగా ఇచ్చివేశాడు. అప్పటికి దాని మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు. 1990ల నడుమ మార్వెల్ ఆర్థికంగా కుదేలై ఎందరినో తొలగించింది. 1996లో ట్రింపికి ఉద్యోగం పోయింది. ఆయన మళ్లీ చదువుకుని, బడిలో చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయుడయ్యాడు. ఆ అనుభవాన్ని 2000లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్యాసంగా రాశాడు. 2001 సెప్టెంబరులో న్యూయార్కు జంటగోపురాలు కూలినచోట సహాయకులకు ధైర్యం చెప్పే సేవ చేశాడు. కన్వెన్షన్లకు పోయి అడిగినవారికి హల్క్‌ను, వుల్వరిన్‌ను గీసి ఇచ్చేవాడు.

2014 మే నెలలో ఆ పుట వేలానికి వచ్చింది. ముప్పైయేళ్లు దాచుకున్న ఆనాటి కుర్రవాడే దాన్ని బయటకు తీశాడు. 6,57,250 డాలర్లు పలికింది. చట్టప్రకారం ట్రింపికి ఒక్క డాలరు ఇవ్వనక్కరలేదు. కాని అతడు రాబడిలో అధికభాగం కష్టాలలో ఉన్న కామిక్ కళాకారులను ఆదుకునే హీరో ఇనిషియేటివ్ అనే సేవాసంస్థకు చేరేటట్లు ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడు, 2015 ఏప్రిల్‌లో, ట్రింపి మరణించాడు. ఇచ్చిన చేయి అడగలేదు. పుచ్చుకున్న చేయి మరువలేదు. ఇంతకంటె మంచి నీతికథను నేను ముప్పైరెండేళ్లలో పిల్లలకు చెప్పినట్లు గుర్తులేదు.

అయితే ఒకరి మంచితనం మీద ఆధారపడేది న్యాయం కాదు, అదృష్టం. 2022 జనవరిలో మైక్ జెక్ 1984లో గీసిన ఒక్క పుట వేలంలో 33 లక్షల 60 వేల డాలర్లు పలికింది. అది స్పైడర్‌మాన్ నల్లదుస్తుల పుట్టుకను చూపే పుట. ఇటువంటి సొమ్ము ఎవరికి చేరుతుంది? అమ్మినవానికి, వేలం సంస్థకు. గీసినవానికి, తొలి అమ్మకంలో అందినది ఏదైనా ఉంటే అదే.

దీనికి విరుగుడు ఫ్రాన్సు 1920లోనే ఆలోచించింది. చిత్రం తిరిగి అమ్ముడైన ప్రతిసారీ చిత్రకారునికి కొంత వాటా ఇవ్వాలన్నది. 2001లో ఐరోపా సమాఖ్య అంతటికీ ఆ నియమం వచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా ఒక్కటే 1976లో 5 శాతం వాటా చట్టం చేసింది. 2018 నాటి అప్పీలు తీర్పుతో అది దాదాపు నిర్జీవమయింది. మన దేశంలో అటువంటి చట్టం ఉన్నదని తెలిసి నేనే ఆశ్చర్యపోయాను. మన కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో 53ఎ అనే విభాగం చేరింది. చిత్రం గాని, రచయిత రాతప్రతి గాని పదివేల రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడైతే, పది శాతానికి మించకుండా కర్తకు లేదా వారసులకు వాటా ఉన్నది. కాని ఒక మెలిక. కర్త ఆ కృతి హక్కుకు మొదటి యజమాని అయివుండాలి. నెలజీతానికి కొలువు చేస్తూ గీసినవానికి సాధారణంగా ఆ మొదటి హక్కే ఉండదు. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తలుపు మూసుకున్నది.

ఇది చదివినప్పుడు నాకు చందమామ గుర్తుకు వచ్చింది. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికకు ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య తమ చేతి సత్తువ ధారపోశారు. భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ ఎన్ని వందలసార్లు గీశాడో! ఆయన 2020లో వెళ్లిపోయాడు. పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. ఆ బొమ్మలను తెలుగువాడు తన బాల్యంతో పాటు గుండెలో దాచుకున్నాడు. కాని ఆ చిత్రకారుని ఇంటి తలుపు తట్టి, "అయ్యా, నాకొక విక్రమార్కుణ్ణి గీసి ఇవ్వండి, ఇదిగో నా సంభావన" అని అడిగినవారు మనలో ఎందరు? నేను అడగలేదు. అలా అడగవచ్చునన్న ఊహే నాకు రాలేదు.

అందుకనే ఆ చిత్రకారుల వీధి నాకు విలువైనదిగా తోచింది. మనకు అవధానం తెలుసు. పృచ్ఛకుడు ఎదురుగా కూర్చుని సమస్య ఇస్తాడు, దత్తపది ఇస్తాడు; కవి అక్కడికక్కడే పూరిస్తాడు. కమిషన్ అటువంటిదే. అచ్చయిన పుట ప్రబంధమైతే ఇది ఆశువు. ఒకే పాత్రను వందమంది చిత్రకారుల చేత ఒకే పుస్తకంలో గీయించుకునేవారు ఉన్నారట. సంచికకు ముఖచిత్రం లేకుండా తెల్లగా అచ్చువేసి, దాని మీద గీయించుకునేందుకే అమ్ముతారు. ఇందులోనూ వ్యాపారం లేకపోలేదు. చవకగా గీయించుకుని మరునాడే ఎక్కువకు అమ్మేవారు ఉన్నారు. అందువల్ల కొందరు చిత్రకారులు బొమ్మ మీద అడిగినవాని పేరు రాసి ఇస్తారు. పేరున్న బొమ్మకు అంగడిలో ధర తగ్గుతుంది. కృతిభర్త పేరు చేరిస్తే కావ్యం శాశ్వతమవుతుందని మన రాజులు నమ్మారు. అక్కడ పేరు చేరిస్తే బొమ్మ ఇల్లు కదలకుండా ఉంటుంది!

ఇంకొక మార్పు వచ్చింది. ఇప్పటి చిత్రకారులలో చాలామంది కంప్యూటరు పలక మీదనే గీస్తున్నారు. అచ్చుపుటకు కాగితమే లేదు, కనుక దాచడానికీ దోచడానికీ మూలచిత్రమే లేదు. ముందుముందు చేతితో గీసిన కాగితం అంటే కన్వెన్షన్ బల్ల దగ్గర గీయించుకున్నదే కావచ్చు. మన దేశంలోనూ 2011లో ఢిల్లీలో కామిక్ కాన్ మొదలై, తరువాత హైదరాబాదుకూ వచ్చింది. మీ పిల్లలు వెళ్తామంటే కసరకండి. చేతిలో కొంత డబ్బు పెట్టి, వేషాలు చూడటంతో ఆగక ఒక బొమ్మ గీయించుకుని, గీసినవారి పేరు అడిగి తెలుసుకుని రమ్మనండి.

మా మనుమడి హల్క్ బొమ్మ వాడి గది గోడ మీద ఉన్నది. క్రింద చిత్రకారుని సంతకం, పైన వాడి పేరు. "తాతయ్యా, దీన్ని ఎప్పటికీ అమ్మను" అన్నాడు. ట్రింపి చేతినుండి పుట పుచ్చుకున్న ఆ కుర్రవాడు కూడా ముప్పైయేళ్లు అలాగే అనుకుని ఉంటాడు. అమ్మినా తప్పులేదు, మరువకుంటే చాలు.

నేను ఇంటికి వచ్చాక పాత ట్రంకుపెట్టె తెరిచాను. పదవీ విరమణనాడు బడి బల్ల సొరుగు ఖాళీ చేసి తెచ్చుకున్న సామాను అందులో ఉన్నది. అడుగున మూడు బొమ్మల పుస్తకాలు దొరికాయి. ఒకదాని మీద పేరు, తరగతి స్పష్టంగా ఉన్నాయి. ఆ పిల్లవాడికిప్పుడు నలభైయేళ్లు ఉండవచ్చు. విచారిస్తున్నాను. దొరికితే ఆలస్య రుసుముతో సహా తిరిగి ఇవ్వాలని సంకల్పం.

స్వస్తి.